శిక్ష తీరిన పిదప ఆయుధ హక్కు

అమెరికా సంయుక్త రాష్ట్రములనుండి వచ్చు వార్తలలో తుపాకి మాట వినబడని వారము అరుదు. ఆ వార్తలు విన్నపుడెల్ల మన శ్రోతలలో పలువురకు ఒక సందేహము కలుగుచుండును: ఆ దేశమున తుపాకి కొనదలచినవానికి అడ్డు చెప్పువారే లేరా? ఉన్నారు. అడ్డు చెప్పు చట్టము కలదు. అది మిక్కిలి కఠినమైనది కూడ. అయితే ఆ చట్టము ఎవరిని అడ్డుచున్నది, ఎంతకాలము అడ్డుచున్నది, ఒకమారు వెలుపల నిలిచినవాడు తిరిగి లోనికి వచ్చుటకు దారి యేది అను ప్రశ్నలు అక్కడి న్యాయస్థానములను చాలకాలముగా కలవరపెట్టుచున్నవి.

ఎవరినీ కొట్టక, ఎవరినీ బెదిరింపక, కాగితముమీద మోసము చేసి పట్టుబడి, విధించిన శిక్ష అనుభవించి, తరువాత నెమ్మదిగా బ్రతుకుచున్న మనుష్యునికి ఆయుధ హక్కు జీవితాంతము లేకుండ చేయవచ్చునా? ఈ ఒక్క ప్రశ్నను విప్పి చూపుటయే మా ఉద్దేశము. తుపాకి మంచిదా, చెడ్డదా అను పెద్ద వివాదమును ఇక్కడ తడవబోము.

ముందుగా న్యాయస్థానమునకు వచ్చిన ఒక వ్యాజ్యమును చెప్పుకొందము. పెన్సిల్వేనియా రాష్ట్రమున ఒక గృహస్థు పచ్చిక కోయు పనిచేసి గంటకు 9 డాలర్లో, తొమ్మిదిన్నర డాలర్లో సంపాదించుచు, భార్యను, ముగ్గురు చిన్నపిల్లలను పోషించుకొనుచుండెను. బీదకుటుంబములు ఆహారపదార్థములు కొనుటకై అక్కడి ప్రభుత్వము ఫుడ్ స్టాంపులను పేర సహాయము చేసెడిది. మన రేషను కార్డును తలచుకొన్న దాని స్వరూపము కొంత తెలియును. ఆ సహాయమునకై భార్య దరఖాస్తు నింపెను. అందు భర్త ఆదాయము ఉన్నదానికంటె తక్కువగా పడెను. క్రింద ఇద్దరును సంతకము చేసిరి. సంగతి బయటపడగా 1995లో అతడు నేరము ఒప్పుకొనెను. జైలు శిక్ష పడలేదు. మూడు సంవత్సరముల ప్రొబేషను, 100 డాలర్ల జరిమానా, అక్రమముగా పొందిన 2,458 డాలర్లు తిరిగి కట్టవలెనను ఉత్తరువు - ఇదియే అతనికి పడిన శిక్ష.

మూడేండ్ల తరువాత అతడు తుపాకి కొనబోగా, అంగడివాడు విచారణ చేసి ఇవ్వ వీలులేదనెను. ఎక్కడనో పొరపాటు జరిగినదని తలచి, భార్య లేళ్ల వేటకు పనికివచ్చు ఒక రైఫిలును అతనికి బహుమతిగా ఇచ్చెను. కొన్ని సంవత్సరములకు మరల కొనబోగా మరల అదే జవాబు. కారణము వెదుకగా అప్పుడు తెలిసినది: 1995 నాటి సంతకము అతనిని ఆయుధము విషయమున జీవితాంతము అనర్హుని చేసినది. ఇంటిలోనున్న రైఫిలును వెంటనే ఆయుధ వ్యాపారికి అమ్మివేసి, అతడు న్యాయస్థానపు తలుపు తట్టెను.

ఒక్క రోజైనను జైలులో ఉండనివానికి ఇంత అనర్హత ఎట్లు కలిగినది? ఇది తెలియవలెనన్న అమెరికా చట్టమున నేరములను విభజించు తీరు కొంత తెలిసికొనవలెను.

అక్కడ నేరములు స్థూలముగా రెండు తరగతులు. చిన్న నేరమును మిస్‌డిమీనర్ అందురు. పెద్ద నేరమును ఫెలనీ అందురు. సాధారణముగా ఒక సంవత్సరమునకు మించిన కారాగార శిక్షకు తగిన నేరము ఫెలనీ. ఇచట "తగిన" అను మాట ముఖ్యము. ఆయుధ చట్టము చూచునది న్యాయమూర్తి వాస్తవముగా విధించిన శిక్షను కాదు. ఆ నేరమునకు విధింప వీలైన గరిష్ఠ శిక్షను. ఆ గరిష్ఠము ఒక సంవత్సరమును దాటినచో, నేరస్థుడు జరిమానాతో బయటపడినను, ప్రొబేషనుతో బయటపడినను, అనర్హత తప్పదు. రాష్ట్రము తన చట్టమున మిస్‌డిమీనర్ అని పేర్కొన్న నేరమైనను, దానికి రెండు సంవత్సరములకు మించిన శిక్ష వేయ వీలున్నచో ఇదే ఫలితము. పెన్సిల్వేనియా గృహస్థు చేసినది పేరునకు మిస్‌డిమీనరే. కాని దానికి ఐదు సంవత్సరములవరకు శిక్ష వేయవచ్చును. అందుచేత అతడు వలలో చిక్కెను.

ఈ చట్టము మొదటినుండి ఇంత విశాలమైనది కాదు. 1938లో అమెరికా కాంగ్రెసు ఆయుధములను గూర్చి చేసిన శాసనము హింసాపూరితమైన నేరములు చేసినవారిని మాత్రమే ఉద్దేశించినది. హత్య, దోపిడి, బలవంతముగా ఎత్తుకొనిపోవుట మొదలైనవి ఆ జాబితాలోనివి. 1961లో కాంగ్రెసు ఆ హద్దును చెరిపి, ఒక సంవత్సరమునకు మించిన శిక్షకు తగిన నేరములన్నింటికి నిషేధమును విస్తరింపజేసెను. 1968లో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టము దీనిని మరింత బిగించెను. రాబర్టు కెనెడీ, మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురియైన సంవత్సరమది. నాటినుండి దొంగసంతకము చేసినవాడును, పన్ను ఎగవేసినవాడును, కత్తితో పొడిచినవాడును ఈ విషయమున ఒకే గాటన కట్టబడిరి.

శ్రోతలకు పరిచయమైన పేరు ఒకటి చెప్పుదుము. టెలివిజనులో వంటలు, గృహాలంకరణము నేర్పి ప్రఖ్యాతి గాంచిన మార్తా స్టూవర్ట్‌కు 2004లో వాటాల అమ్మకమునకు సంబంధించిన ఒక దర్యాప్తులో అధికారులతో అబద్ధమాడినదన్న నేరముమీద ఐదు నెలల జైలు శిక్ష పడెను. ఆమెయు ఈ నిషేధముక్రిందికి వచ్చును. ఇక మరొకవైపు చూడుడు. కొందరు పెద్ద వ్యాపారులు రహస్యముగా కూడబలుకుకొని, దేశమంతట ఒక సరకు ధరను పెంచి ప్రజలను దోచుకొన్నారనుకొందము. అదియు ఫెలనీయే. కాని వ్యాపార పోటీని అరికట్టు ఇట్టి నేరములను చట్టము ప్రత్యేకముగా మినహాయించినది. వారు తుపాకి కొనవచ్చును. ఫుడ్ స్టాంపుల దరఖాస్తులో తప్పు వ్రాసినవాడు కొనరాదు. హింసయే కొలబద్ద అయినచో ఇద్దరిని ఒకే తీరున చూడవలసినది.

నిషేధమనగా ఏమో కూడ స్పష్టముగా తెలియవలెను. తుపాకి కొనుట మాత్రమే కాదు, దగ్గర ఉంచుకొనుటయు నేరమే. తూటాకును ఇదియే నియమము. భార్య పేరనున్న తుపాకి ఇంటిలో భర్త చేతికి అందునట్లున్న, దానిని గూర్చియు అతడు సమాధానము చెప్పవలసి రావచ్చును. ఈ నియమమును మీరినవారికి విధింపదగిన శిక్ష పూర్వము పది సంవత్సరములు. 2022 చట్టము దానిని పదునైదు సంవత్సరములకు పెంచెను. 1898 నాటికి తయారైన పాతకాలపు తుపాకులు మాత్రము ఈ సమాఖ్య చట్టమునకు లోబడవు. అందుచేత కొందరు గ్రామీణులు విల్లమ్ములతోను, మందుకూరి పేల్చు పాత పద్ధతి తుపాకులతోను వేట సాగించుచుందురు.

ఇంతవరకు కంచెను గూర్చి చెప్పితిమి. కంచె ఎంత గట్టిదైనను దానికొక తలుపుండవలెను గదా! ఆ తలుపు కథ మరింత విచిత్రమైనది.

1960 ప్రాంతముల వించెస్టర్ తుపాకులను తయారుచేయు సంస్థకు మాతృసంస్థయగు ఓలిన్ మాథీసన్ కంపెనీ, మందుల వ్యాపారమునకు సంబంధించిన ఒక లంచాల వ్యవహారమున నేరము ఒప్పుకొనెను. చట్టము దృష్టిలో కంపెనీయు ఒక వ్యక్తియే. కనుక నేరము ఒప్పుకొన్న ఆ కంపెనీ ఇక తుపాకుల వ్యాపారమునకు పనికిరాకపోయెను. తుపాకులు చేయువాడే తుపాకి ముట్టరాదనుట అందరికిని ఇబ్బందియయ్యెను. ఆ చిక్కును విప్పుటకు 1965లో కాంగ్రెసు ఒక వెసులుబాటు కల్పించెను: అనర్హుడైనవాడు ప్రభుత్వమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును, అతని నడవడిని, పూర్వచరిత్రను విచారించి, ప్రజల క్షేమమునకు భంగము లేదని తోచినచో, నిషేధమును తొలగింపవచ్చును. ఒక పెద్ద కంపెనీ కొరకు తీసిన ఆ దారిన తరువాత సామాన్యులు కూడ నడిచిరి. మద్యము, పొగాకు, ఆయుధములను చూచు ఏ.టి.ఎఫ్. అను శాఖ వేలకొలది దరఖాస్తులను విచారించెను.

1992లో ఆ తలుపు మూతపడెను. దానిని మూసిన తీరు గమనింపదగినది. కాంగ్రెసు ఆ వెసులుబాటును రద్దుచేయలేదు. ఆ శాఖ వ్యక్తుల దరఖాస్తులను విచారించుటకు ఒక్క డాలరైనను ఖర్చుచేయరాదని వార్షిక వ్యయ శాసనమున ఒక షరతు చేర్చెను. ఏటేట ఆ షరతునే చేర్చుచు వచ్చెను. కంపెనీల దరఖాస్తులకు మాత్రము కొలదికాలములోనే మినహాయింపు దొరకెను. చట్టపుస్తకమున హక్కున్నది, దానిని పరిశీలించు గుమాస్తాకు జీతము లేదు. తలుపున్నది, తెరచువాడు లేడు.

ఈ స్థితిని పరీక్షించిన వ్యాజ్యము టెక్సస్‌నుండి వచ్చెను. అక్కడి ఆయుధ వ్యాపారి ఒకడు 1998లో సరిహద్దు దాటి మెక్సికోలో భోజనము చేయుటకు మిత్రులతో బయలుదేరెను. బండిలోని ఆయుధములను, తూటాలను తీసివేయుడని మిత్రులతో చెప్పెను. కాని ఒక తూటాల పెట్టె ఉండిపోయెను. మెక్సికో అధికారులు దానిని పట్టుకొనిరి. అక్కడి న్యాయస్థానము ఐదు సంవత్సరముల శిక్ష విధించెను. తిరిగి వచ్చిన పిదప అతడు అమెరికాలో దరఖాస్తు పెట్టుకొనగా, విచారించుటకు నిధులు లేవని శాఖ దానిని త్రిప్పి పంపెను. 2002లో సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా ఇట్లు తీర్మానించెను: విచారింపకుండుట నిరాకరించుట కాదు, నిరాకరణము లేనిదే న్యాయస్థానము కలుగజేసికొనరాదు. అనగా కాదన్నవాడు లేడు కనుక అప్పీలు లేదు. ఔనన్నవాడును లేడు కనుక హక్కు లేదు. విదేశపు న్యాయస్థానము విధించిన శిక్షలు ఈ నిషేధముక్రిందికి రావని అదే సుప్రీంకోర్టు మూడేండ్ల తరువాత, 2005లో, మరొక వ్యాజ్యమున తీర్పు చెప్పెను.

మిగిలిన దారులును ఇరుకైనవే. రాష్ట్ర న్యాయస్థానమున శిక్షపడినవానికి ఆ రాష్ట్రమే క్షమాభిక్ష పెట్టినను, పౌరహక్కులను తిరిగి ఇచ్చినను, సమాఖ్య చట్టము సాధారణముగా దానిని మన్నించును. కాని సమాఖ్య న్యాయస్థానమున శిక్షపడినవానికి రాష్ట్రమిచ్చిన హక్కులు చెల్లవని 1994లో సుప్రీంకోర్టు తేల్చెను. 1992 తరువాత అట్టివానికి మిగిలినది అధ్యక్షుని క్షమాభిక్షయే. హక్కులు "తిరిగి పొందుట" అనుటలోను ఒక చిక్కు కలదు. కొన్ని రాష్ట్రములలో కొన్ని నేరములకు ఓటు మొదలైన హక్కులు అసలే పోవు. పోనివానికి తిరిగి వచ్చుట ఎక్కడిది? కనుక వారికి ఈ వెసులుబాటు వర్తింపదని 2007 నాటి తీర్పు. హక్కు పోయి వచ్చినవానికంటె, హక్కు ఎన్నడును పోనివాడు అధ్వాన్నమైన స్థితిలో నిలిచెను.

ఇక రాజ్యాంగపు మాట. అమెరికా రాజ్యాంగమునకు 1791లో చేర్చిన రెండవ సవరణ ప్రజలకు ఆయుధములు కలిగియుండు హక్కును గూర్చి చెప్పుచున్నది. ఈ హక్కు సైనికదళములకు సంబంధించినదా, ప్రతి వ్యక్తికి చెందినదా అను వివాదము రెండు శతాబ్దములు సాగెను. 2008లో హెల్లర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు అది వ్యక్తి హక్కేయని తీర్పు చెప్పెను. అయితే ఫెలనీ నేరస్థులకు చిరకాలముగా నున్న నిషేధములను తాము శంకించుట లేదని ఆ తీర్పులోనే ఒక మాట చేర్చెను. ఆ ఒక్క మాటపై తరువాత ఎంతో వాదము పెరిగెను. వ్యక్తి హక్కన్నప్పుడు దానిని తొలగించుటకు తగిన కారణము చూపవలెను గదా యని ఒకరు. కారణము చూపనక్కరలేదని కోర్టే చెప్పినది గదా యని మరొకరు.

2019లో ఒక వ్యాజ్యము విస్కాన్సిన్ రాష్ట్రమునుండి అప్పీలు న్యాయస్థానమునకు వచ్చెను. పాదరోగులకై చెప్పులలో అమర్చు మెత్తలను ప్రభుత్వ వైద్య సహాయ పథకమునకు మోసపుచ్చి అమ్మినందులకు శిక్షపడిన వ్యాపారి అందు వాది. అతనికి పడినది ఒక సంవత్సరము ఒక రోజు జైలు. న్యాయస్థానము నిషేధమునే సమర్థించెను. కాని ఆ ధర్మాసనముననున్న ఏమీ కోనీ బారెట్ భిన్నాభిప్రాయము వ్రాసెను. ఆమె వాదము సంగ్రహముగా ఇది: ప్రమాదకరులైనవారిని నిరాయుధులను చేయు అధికారము శాసనసభలకు పూర్వమునుండియు కలదు, కాని నేరస్థుడైనంత మాత్రమున ప్రతివాడును ప్రమాదకరుడు కాడు, ఓటువంటి హక్కులకు శీలమును ప్రమాణముగా పెట్టవచ్చునేమో గాని, ఆయుధ హక్కునకు ప్రమాణము ప్రమాదమే. మరుసటి సంవత్సరము ఆమె సుప్రీంకోర్టు న్యాయమూర్తి యయ్యెను; ఆ అభిప్రాయమునకు విలువ మరింత పెరిగెను.

2022లో బ్రూయెన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఒక క్రొత్త కొలబద్దను నిలిపెను: ఆయుధములపై విధించు ఏ నిబంధనకైనను దేశచరిత్రలో సంప్రదాయము చూపవలెను. నాటినుండి న్యాయమూర్తులు చరిత్రకారుల పని చేయవలసివచ్చెను. పదునెనిమిదవ శతాబ్దమున ఎవరి ఆయుధములను లాగుకొనిరి? ఇంగ్లండు రాజునకు విధేయులైనవారివి, కొన్ని చోట్ల కాథలిక్కులవి, నల్లవారివి. నేటి మనస్సునకు ఒప్పని ఈ ఉదాహరణములనుండియే నేటి న్యాయమును పిండవలసివచ్చినది. 2024లో రహీమీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు కొంత స్పష్టత కల్పించెను. ఇతరుల ప్రాణమునకు నిజముగా ముప్పు తెచ్చువాడని న్యాయస్థానము తేల్చినవానిని, తాత్కాలికముగా నిరాయుధుని చేయవచ్చునని ఎనిమిదిమంది న్యాయమూర్తులు అంగీకరించిరి. ఒక్కరు మాత్రమే విభేదించిరి. ముప్పు లేనివాని సంగతి మాత్రము మిగిలిపోయెను.

ఆ మిగిలిన ప్రశ్నపై అప్పీలు న్యాయస్థానములు చీలిపోయినవి. మనము మొదట చెప్పుకొన్న పెన్సిల్వేనియా గృహస్థునకు 2023లోను, సుప్రీంకోర్టు త్రిప్పి పంపిన పిదప 2024 డిసెంబరులోను, మూడవ సర్క్యూట్ న్యాయస్థానము అనుకూలముగా తీర్పు చెప్పెను. ఈ తీర్పు అతనివంటివారికే పరిమితమనియు స్పష్టపరచెను. యూటా రాష్ట్రపు ఒక వనిత కథ దీనికి ఎదురు. 498 డాలర్ల 12 సెంట్ల దొంగ చెక్కును కిరాణా అంగడిలో మార్చినందులకు 2008లో ఆమె బ్యాంకు మోసపు నేరస్థురాలయ్యెను. తరువాత చదువుకొని సంఘసేవకురాలయ్యెను. 2025 ఫిబ్రవరిలో పదవ సర్క్యూట్ న్యాయస్థానము ఆమెకు ప్రతికూలముగా తీర్పు చెప్పెను. 2025 మేలో తొమ్మిదవ సర్క్యూట్ కూడ నిషేధము హింస చేయని నేరస్థులకును చెల్లునని తీర్మానించెను. ఆరవ సర్క్యూట్ మధ్యమార్గము త్రొక్కి, తాను ప్రమాదకరుడను కానని నిరూపించుకొను అవకాశము వ్యక్తికి ఉండవలెనని 2024లో చెప్పెను. ఒకే సమాఖ్య చట్టము, ఒకే రాజ్యాంగము, కాపురమున్న రాష్ట్రమునుబట్టి హక్కు.

ఇంతవరకు విన్నవారికి నిషేధము కేవలము అన్యాయమని తోచవచ్చును. కాని రెండవ పక్షమును వినకుండ తీర్పు చెప్పుట ధర్మము కాదు.

మొదటిది, నేరపు పేరు చూచి మనిషి స్వభావము తెలియదు. అమెరికాలో పెక్కు నేరారోపణలు వాది ప్రతివాదుల ఒప్పందముతో ముగియుచుండును. కొట్లాటకు సంబంధించిన ఆరోపణము వదలుకొని, చిన్న ఆరోపణమును ఒప్పుకొనుట సామాన్యము. కాగితముమీద హింస లేని నేరము వెనుక హింస దాగియుండవచ్చును. రెండవది, పరిశోధనము. కాలిఫోర్నియాలో చేతితుపాకులు చట్టబద్ధముగా కొన్నవారిని గూర్చి జరిపిన ఒక పరిశోధనము 1998లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో వెలువడెను. పూర్వము ఒకే ఒక మిస్‌డిమీనర్ ఉండి, అదియు హింసకుగాని తుపాకికిగాని సంబంధింపనిదైనను, అట్టివారు, ఏ నేరచరిత్రయు లేనివారికంటె, హింసకో తుపాకికో సంబంధించిన క్రొత్త ఆరోపణములకు దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా గురియైరని అందు తేలినది. ఐదు రెట్లన్న అందరును నేరము చేసిరని కాదు. అయినను శాసనకర్తలు త్రోసివేయదగిన సంఖ్యయు కాదు. మూడవది, పొరపాటు ఖరీదు. దరఖాస్తును తప్పుగా నిరాకరించిన ఒకని వేట ఆగును. తప్పుగా అంగీకరించిన ఒక ప్రాణము పోవచ్చును. 1992లో కాంగ్రెసు ముందున్న ముఖ్యమైన భయమిదియే.

ఈ భయమునకు ఎదురుగా మరియొక సంఖ్యను కూడ నిలుపవలెను. 2010 నాటికి అమెరికాలో ఫెలనీ శిక్ష పడినవారు సుమారు 1 కోటి 90 లక్షల మంది యని పరిశోధకులు అంచనా వేసిరి. వయోజనులలో నూటికి ఎనిమిదిమంది. నల్లజాతి పురుషులలో మూడింట ఒకవంతు. ఇంతమందిని ఒక్క మాటతో శాశ్వతముగా వేరుచేయుచున్నప్పుడు, ఆ మాట ఎంత సరిగా ప్రమాదమును సూచించుచున్నదో అడుగక తప్పదు.

మన దేశపు పద్ధతి ఇందుకు భిన్నము. మనకు ఆయుధము హక్కు కాదు, లైసెన్సుమీద దొరకు అనుమతి. 1959 నాటి మన ఆయుధముల చట్టము, హింసతోగాని నైతిక పతనముతోగాని కూడిన నేరమునకు ఖైదు శిక్ష పడినవారిని, శిక్ష ముగిసిన పిదప ఐదు సంవత్సరములవరకు ఆయుధము కలిగియుండరాదని శాసించుచున్నది. ఆ కాలము గడచిన తరువాత లైసెన్సు తప్పక దొరకునని కాదు. అధికారి తన విచారణ తాను చేయును. మన తలుపు చిన్నది, కావలివాడు గట్టివాడు. కాని నేరచరిత్ర ఒక్కటే కారణముగా తలుపు ఎల్లకాలము మూయలేదు. అమెరికాలో హక్కు విశాలమైనది. దానిని కోల్పోయినవాని నిషేధము శాశ్వతమైనది. మన తెలుగువారు అనేకులు నేడు ఆ దేశమున స్థిరపడియున్నారు. వారు పౌరులైనను, గ్రీన్ కార్డు గలవారైనను, ఈ నియమమునకు లోబడినవారే. పన్ను కాగితములలోనో, బ్యాంకు దరఖాస్తులోనో తెలిసి వ్రాసిన అబద్ధము, జరిమానాతో తీరినట్లు కనిపించినను, ఇట్టి ఫలితములను వెంట తెచ్చునని వారి బంధువులు కూడ ఎరుగుట మంచిది. గ్రీన్ కార్డు గలవారికి ఆ దేశమున నివాసమే సందేహములో పడవచ్చును.

2025లో కథ మరొక మలుపు తిరిగెను. ఆ సంవత్సరము మార్చిలో అమెరికా న్యాయశాఖ, దరఖాస్తులను విచారించు అధికారమును ఏ.టి.ఎఫ్. శాఖనుండి వెనుకకు తీసికొని, అటార్నీ జనరల్ చేతిలోనే ఉంచుకొనెను. నిధుల షరతు ఏ.టి.ఎఫ్.కే గాని అటార్నీ జనరల్‌కు వర్తింపదు గదా యని దీని ఆంతర్యము. కొలదిమందికి హక్కులు తిరిగి ఇచ్చినట్లు ప్రకటించెను. జూలైలో దరఖాస్తుల పద్ధతిని గూర్చి ప్రతిపాదిత నియమములను ప్రజల ముందుంచెను. హింసాపూరిత నేరములు చేసినవారిని, లైంగిక నేరస్థులుగా నమోదైనవారిని సామాన్యముగా అనర్హులుగా చూడవలెనని అందు కలదు. ముప్పదిమూడు సంవత్సరములకు తలుపు కదలినది. కదలిన తలుపు ఎవరికి, ఏ ప్రమాణముతో తెరవబడునన్నదే దాని మంచిచెడ్డలను తేల్చును. పలుకుబడి గలవారికి ముందు, పచ్చిక కోయువారికి వెనుక తెరచినచో అది న్యాయము కాజాలదు.

ఈ వివాదమునంతయు పరిశీలించిన పిదప మాకు తోచిన దొక్కటి. ఇది తుపాకి పక్షమునకు, తుపాకి వ్యతిరేక పక్షమునకు నడుమ జగడముగా పైకి కనబడును. లోపల చూచిన, ఇది మనిషిని చూచి నిర్ణయించుటకు, కాగితమును చూచి నిర్ణయించుటకు నడుమనున్న జగడము. కాగితమును చూచుట సులభము, చౌక. దానికి ఒక గుమాస్తా, ఒక జాబితా చాలును. మనిషిని చూచుటకు విచారణ కావలెను, ఇరుగుపొరుగులను అడుగవలెను, గడచిన ఏండ్లను తూచవలెను, దానికి సిబ్బంది, ధనము, ఓర్పు కావలెను. 1992లో అమెరికా కాంగ్రెసు పొదుపు చేసినది ఈ పరీక్షకయ్యెడి వ్యయమునే. ఆ పొదుపునకు మూల్యము చెల్లించినవారు ఎవరికిని హాని చేయనివారు. రేపు ఆ పరీక్షను అజాగ్రత్తగా జరిపినచో, మూల్యము చెల్లించువారు ఏ పాపమును ఎరుగని ఇరుగుపొరుగులు కావచ్చును.

శిక్షకు ఒక ముగింపు ఉండవలెననుట నాగరిక న్యాయము. ప్రజల ప్రాణమునకు రక్షణ ఉండవలెననుటయు నాగరిక న్యాయమే. ఈ రెండింటిని కలుపునది శ్రద్ధగల విచారణ ఒక్కటే. ఆ విచారణకు ధనమిచ్చి, సమయమిచ్చి, ఎవరి పలుకుబడికిని లొంగక జరిపించుట ఏ ప్రభుత్వమునకైనను తప్పని బాధ్యత.